పొలం బోరు నీళ్లు టౌనుకి ట్యాంకర్లలో అమ్మడం ఆపాలా?

యాదమరి మామిడి:
మాది చిత్తూరు పక్కన యాదమరి మండలం. మా పొలం గట్టు అవతల ఒకాయన వ్యవసాయం బోరు దగ్గర ట్యాంకర్లు పెట్టి టౌనుకి నీళ్లు తోలుతున్నాడు. ఫిబ్రవరిలో మొదలైతే వానలు పడేదాకా ట్రాక్టర్లు తిరుగుతూనే ఉంటాయి. రెండేళ్ల కిందట నా బోరు రెండించుల నీళ్లు పోసేది. ఇప్పుడు అరగంట పోసి గాలి కొడుతోంది. తోతాపురి చెట్లు నలభై ఎండిపోయాయి. ఇది ఆపించాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కొత్త లేఅవుట్:
ఆపేస్తే మేమేం తాగాలన్నా? మా లేఅవుట్‌కి కొళాయి లైను లేదు. అందరం కలిసి వేయించిన బోరు 900 అడుగులు, మార్చికే ఎండిపోయింది. 5,000 లీటర్ల ట్యాంకరు 700 రూపాయలు. ట్యాంకరు రాని రోజు మా అత్తమ్మ బిందె పట్టుకుని రెండు వీధులు తిరిగింది. ఆమెకి డెబ్బై ఏళ్లు.

ట్రాక్టర్ రైతు:
నేను అమ్ముతాను, దాచేదేం లేదు. ఒక లెక్క చెప్తా చూడండి. ఎకరాకి ఒక్క తడి, రెండంగుళాల లోతు నీళ్లు పెట్టాలంటే రెండు లక్షల లీటర్లు కావాలి. అంటే 40 ట్యాంకర్లు. నేను రోజుకి అమ్మేది పది. చెరకు వేసినప్పుడు ఇంతకంటే ఎక్కువే తోడాను, అప్పుడు ఎవరూ ఒక్క మాట అనలేదు. డబ్బులు వస్తున్నాయనే కదా ఇప్పుడు కడుపుమంట?

రూలు రూలే:
నీళ్లు, భూమి, చెట్ల కోసం వాల్టా చట్టం 2002లో వచ్చింది. తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు. దూరం కొలిపించండి, విషయం తేలిపోతుంది.

యాదమరి మామిడి:
ఆ 250 మీటర్లు ఊరందరూ తాగే బోరుకి సార్. నాది మామిడి తోట బోరు.

రూలు రూలే:
అయినా కొలిపించండి. ట్యాంకర్లు నింపే ఆ బోరు రిజిస్టర్ అయిందో లేదో కూడా చూడాలి.

తిరుపతి నుంచి:
మీరిద్దరూ కొట్టుకుంటే నీళ్లు పుట్టవు. మా తిరుపతికి కల్యాణి డ్యామ్ ఉంది, కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు వస్తున్నాయి. అవి లేకపోతే మేమూ ట్యాంకర్ల వెనకే పరిగెత్తేవాళ్లం. హంద్రీ-నీవా కాలువ పేరులోనే మీ చిత్తూరు నది నీవా ఉంది. శ్రీశైలం డ్యామ్ వెనక నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు 2025 ఆగస్టులో కుప్పం చేరాయి. మీ వైపు కాలువ కోసం అడగండి.

యాదమరి మామిడి:
అడుగుతూనే ఉన్నాం. మా నాన్న అడిగాడు, నేను అడుగుతున్నాను. కాలువ వచ్చేలోపు తోట పోతుంది.

ట్రాక్టర్ రైతు గారి లెక్క తప్పని నేను అనను. కానీ అందులో సగమే చెప్పారు. పొలానికి పెట్టిన నీళ్లలో కొంత తిరిగి భూమిలోకే ఇంకుతుంది. ట్యాంకరెక్కిన నీళ్లు చిత్తూరు మురిక్కాలువలో పోతాయి, మా ఊరికి ఒక్క చుక్క తిరిగి రాదు. అదీ ఏప్రిల్, మే నెలల్లో. మనకి గట్టి వానలు ఎక్కువగా పడేది అక్టోబర్, నవంబర్లలో కదా. మనది రాతి నేల. నీళ్లుండేది పైనున్న మెత్తబడిన రాతి పొరలోనూ కింద రాతి పగుళ్లలోనూ. ఒకే పగులు మీద ఇద్దరి బోర్లు ఉంటే లోతుగా దించినవాడిదే నీళ్లు. ఇంకో మాట, ఆ మోటారు నడిచేది 2004 నుంచి రైతుకిస్తున్న ఉచిత కరెంటు మీద. అది పంటకిచ్చిన కరెంటు, వ్యాపారానికి కాదు.

ట్రాక్టర్ రైతు:
ఉచిత కరెంటు మీద చెరకు పండించి ఫ్యాక్టరీకి అమ్మితే వ్యాపారం కాదా?

చెరువుకట్ట:
చెరువు గురించి ఎవరూ మాట్లాడరేం? మా ఊరి చెరువు నిండి మొరవ పారిన ఏడాది కట్ట కింద బోర్లన్నీ పోశాయి. ఇప్పుడు వంక నుంచి చెరువుకొచ్చే కాలవని ఇద్దరు దున్నేసుకున్నారు. 2021 నవంబర్లో అంత వాన పడినా మా చెరువు సగం కూడా నిండలేదు.

రూలు రూలే:
ట్రాక్టర్ రైతు గారూ, మీ బోరు ఎన్ని అడుగులో ఇంకా చెప్పలేదు.

ట్రాక్టర్ రైతు:
1,050 అడుగులు. చాలా?

యాదమరి మామిడి:
నాది 600. ఇక చెప్పేదేముంది. పక్కవాడి నీళ్లు లాక్కుని అమ్ముకోవడాన్ని మా ఊళ్లో దొంగతనం అంటారు.

ట్రాక్టర్ రైతు:
ఆ మాట జాగ్రత్త అన్నా. ఈ బోరు నాకు ఆరోది. మొదటి ఐదూ దుమ్ము లేపాయి. కొబ్బరికాయ పట్టి చూసినాయన్ని నమ్మాను, మిషన్‌తో చూసినవాణ్నీ నమ్మాను. రిగ్గు వాడికి, కేసింగుకి కలిపి ఎనిమిది లక్షలు అప్పు. నా భార్య తాళిబొట్టు తప్ప అన్నీ బ్యాంకులో పెట్టాం. ఐదు బోర్లు ఎండినప్పుడు ఊళ్లో ఒక్కరూ వచ్చి సగం అప్పు మేం కడతామనలేదు. ఆరో బోరులో నీళ్లు పడగానే ఊరందరి నీళ్లయిపోయాయా? ఎండితే నాది, పడితే ఊరిదా?

కొత్త లేఅవుట్:
చదువుతుంటే బాధగా ఉంది. ఆ 700లో ఇంత కథ ఉందని మాకు తెలియదు. కానీ రేపు ట్యాంకరు రాకపోతే మా పరిస్థితి ఏంటో మీరూ ఆలోచించాలి.

యాదమరి మామిడి:
దొంగతనం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా తమ్ముడూ. నా బోర్లూ రెండు ఎండాయి. నా అప్పూ ఎవరూ పంచుకోలేదు.

నా బాధ అమ్మడం గురించి కాదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. మా తాత కాలంలో చెరువులో నీళ్లు తగ్గితే నీరుగట్టి ఊరందర్నీ పిలిచి ఏ మడికి ఎన్ని గంటలో చెప్పేవాడు. తగువులు పడేవాళ్లు, అయినా అందరికీ తెలిసి జరిగేది. నా పక్కాయన ట్యాంకర్లు పెట్టేముందు నాతో ఒక్క మాట కూడా అనలేదు. భూమి ఆయనదే. ఆ కింద పగులు మా ఇద్దరిదీ కదా?

ట్రాక్టర్ రైతు:
అడిగుంటే ఒప్పుకునేవాడివా?

యాదమరి మామిడి:
రోజుకి పది ట్యాంకర్లకి ఒప్పుకునేవాణ్ని కాదు. నాలుగైతే, చెట్లకి వారానికోసారి రెండు గంటలు నీళ్లు వదుల్తానంటే, ఒప్పుకునేవాణ్నేమో.

చెరువుకట్ట:
లేఅవుట్ అక్కా, మీ కప్పులు ఏం చేస్తున్నాయి? వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పది సెంటీమీటర్ల వాన పడితే తొమ్మిది వేల లీటర్లు దాటుతుంది. దాదాపు రెండు ట్యాంకర్లు. అదంతా రోడ్డు మీదికేగా పోయేది?

కొత్త లేఅవుట్:
నలభై ఇళ్లున్నాయి. ఇంకుడుగుంత ఒక్క ఇంటికీ లేదు. ఆదివారం మీటింగులో అడుగుతా.

ట్రాక్టర్ రైతు:
నాలుగు ట్యాంకర్లకి నా వాయిదా కట్టలేను. ఆరు వేస్తేనే అప్పు నడుస్తుంది. మా పక్క తోటాయన కూడా నీలాగే చెట్లు పోయాయని అంటున్నాడు. ఇంతవరకూ ఆయన దగ్గరికి నేను పోలేదు.