పేరు ముందు ‘పద్మశ్రీ’ అని రాయవచ్చా?

ప్రశ్న (నల్లగొండ నుంచి): పెద్దలకు నమస్కారం. ఉమ్మడి జిల్లాలో పద్మశ్రీ అందుకున్నవారి పటాలను మా ఊరి గ్రంథాలయంలో పెడుతున్నాము. చేనేతలో నూలు చుట్టే ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి పటం కింద పెయింటరు ‘పద్మశ్రీ చింతకింది మల్లేశం’ అని రాసి, పక్కన రావి ఆకు మీద సూర్యుని బొమ్మ వేశారు. ఇది సరైనదేనా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి): నమస్కారం. రెండూ మార్చవలసినవే. రావి ఆకు మీద ప్లాటినం సూర్యుడు ఉండేది భారతరత్న పతకం. అది కూడా మొదట 35 మిల్లీమీటర్ల గుండ్రని బంగారు పతకంగానే రూపొంది, తర్వాత ఆకు ఆకారానికి మారింది. పద్మశ్రీ పతకం కంచుది. దాని నడుమ తామర పువ్వు, పువ్వుకు పైన ‘పద్మ’ అనీ కింద ‘శ్రీ’ అనీ దేవనాగరి అక్షరాలు ఉంటాయి.

1954 జనవరి 2న పద్మ పురస్కారాలను నెలకొల్పినప్పుడు పద్మశ్రీ అనే పేరే లేదు. పద్మవిభూషణ్ ఒక్కటే ఉండి, అందులో పహేలా వర్గ్, దూస్రా వర్గ్, తీస్రా వర్గ్ అని మూడు తరగతులు ఉండేవి; 1955 జనవరి 8న వాటికే పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని పేర్లు పెట్టారు.

ఇక పేరు సంగతి. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది కనుక, ఈ పురస్కారాలు కూడా బిరుదులే కదా అని వేసిన దావాల మీద సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో తీర్పు చెబుతూ, ఇవి బిరుదులు కావనీ, అయితే వీటిని పేరుకు ముందుగానీ వెనుకగానీ తగిలించరాదనీ స్పష్టం చేసింది. ఆహ్వాన పత్రికలకూ, పోస్టర్లకూ, పుస్తకాలకూ ఇదే నియమం. మనవైపు సన్మాన పత్రాల్లో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. అభిమానంతో చేసేదే అయినా, దుర్వినియోగం చేస్తే పురస్కారాన్నే రద్దు చేసే వీలు నిబంధనల్లో ఉంది కాబట్టి, ఆ ఇబ్బంది పెద్దమనిషికి మన వల్ల రాకూడదని నా ఆవేదన.

ప్రశ్నించిన సభ్యుడు: ధన్యవాదాలు సార్. పేరును విడిగా రాసి, దాని కింద ‘2017లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది’ అని ఒక వాక్యం రాయిస్తే సరిపోతుందా? కూరెళ్ల విఠలాచార్య గారి పటానికి కూడా 2024 అని అలాగే రాయిస్తాము.

జవాబు: చక్కగా సరిపోతుంది. పతకం వెనుక వైపున ఉండే నాలుగు సింహాల ముద్రను మాత్రం వేయించకండి. జాతీయ చిహ్నం వాడకానికి 2005 నాటి చట్టం వేరుగా ఉంది. తామర పువ్వు ఒక్కటి వేయిస్తే చాలు.