కృష్ణవివర్ అంటే కృష్ణుడి వివరాలా?

చెల్లెమ్మా, ‘కృష్ణవివర్’ అంటే కృష్ణుడి వివరాలని మీ బాబు అన్నాడని రాశారు కదా, ముందు వాణ్ణి కోప్పడకండి. మహారాష్ట్రలో ఉన్న మన సిరొంచలో పిల్లలు బడిలో మరాఠీ చదివి ఇంటికొచ్చి తెలుగు మాట్లాడతారు కదా, పుస్తకంలో ‘కృష్ణవివర్’ అని కనబడితే కృష్ణుడి గురించిన వివరాలు అనుకోవడం సహజమే. మరాఠీలో అది బ్లాక్ హోల్, అంటే వెలుతురును కూడా బయటికి పోనివ్వనంత ఆకర్షణ ఉండే అంతరిక్షంలోని చోటు. మనం కృష్ణబిలం అంటాం.

రెండూ సంస్కృతం మాటలే. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం పాతాళవర్గంలో ‘కుహరం సుషిరం వివరం బిలం’ అని పక్కపక్కనే ఉంటాయి. వాళ్లు ఒకటి తీసుకున్నారు, మనం ఇంకోటి. పాత తెలుగులోనూ వివరమంటే రంధ్రమే, కర్ణవివరం అంటే చెవి రంధ్రం. ‘వి’ చేరిన ‘వృ’ ధాతువుకు తెరవడం అని అర్థం, అందుకే తెరుచుకున్న చోటూ వివరమే, విషయాన్ని విప్పి చెప్పడమూ వివరించడమే. మన వాడుకలో ఈ రెండోదే మిగిలింది. మరాఠీవాళ్లు మనం వివరాలు అనేచోట తపశీల్ అంటారు (మన దస్తావేజుల్లో తపశీలు కూడా అదే), కాబట్టి వాళ్ల పిల్లలకు ఈ చిక్కు రాదు.

ఇక ఇదే పేరుతో, ‘కృష్ణవివర్’ అని మరాఠీలో సైన్స్ కథ రాసిన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గురించి. ఆయన 1938లో కొల్హాపూర్‌లో పుట్టి, బనారస్‌లో పెరిగారు. బయట హిందీ, ఇంట్లో మరాఠీ, అంటే మన పిల్లల పరిస్థితే! కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హోయల్ దగ్గర ఖగోళశాస్త్రం చదివి, 1965 నాటికే పద్మభూషణ్ అందుకున్న మనిషి, కథ రాయాలనుకున్నప్పుడు ఇంటి భాషనే ఎంచుకున్నారు. 1974లో మరాఠీ విజ్ఞాన్ పరిషత్ కథల పోటీకి సొంత పేరుతో పంపితే పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని తన ఇంగ్లీషు పొడి అక్షరాలను (J.V.N.) తిరగేసి, నారాయణ్ వినాయక్ జగతాప్ అని పెట్టుకున్నారు. చేతిరాత గుర్తుపట్టకుండా భార్య మంగళగారు కథ రాసిపెట్టారు. మొదటి బహుమతి ఆ కథకే వచ్చింది. నాకైతే ఆయన అందుకున్న పెద్ద పురస్కారాలన్నిటికంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది. తర్వాత కథలు రాస్తూనే, 1988లో పుణెలో అయుకా (విశ్వవిద్యాలయాల ఉమ్మడి ఖగోళ పరిశోధన కేంద్రం) పెట్టినప్పుడు దాన్ని నడిపించారు. 2025 మే 20న పోయారు.

బాబుతో ఆ కథ మరాఠీలోనే చదివించి, పేజీ పేజీకి ఆపి తెలుగులో చెప్పమనండి. కృష్ణబిలం అన్న మాట వాడి నోటికి దానంతటదే వచ్చేస్తుంది.