అప్‌డేట్: గుర్తొస్తే చాలా, ఏడుపు కూడా రావాలా?

సైకోఎనాలిసిస్‌లో (మనసులో మరుగునపడ్డవాటిని మాటలతో బయటికి తెచ్చే చికిత్సలో) పాత సంగతి గుర్తొస్తే చాలా, దాంతోపాటు ఉద్వేగమూ రావాలా అని అడిగాను కదా. మీరు చెప్పాక చదివాను. 1893లోనే వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ రాసేశారు: ఉద్వేగం లేని జ్ఞాపకం దాదాపు ఎప్పుడూ ఫలితమివ్వదట.

నేను పొరబడింది ఇంకోచోట. కోపం మొత్తంగా లోపల అణగి ఉంటుందనుకున్నా. 1915లో ఫ్రాయిడ్ చెప్పింది వేరు. అణచివేతతో (మనసు భరించలేనిదాన్ని తెలియకుండానే తోసేయడంతో) మరుగున పడేది ఆలోచన. దాన్నుంచి విడివడ్డ ఉద్వేగం ఇంకో ఆలోచనకు అతుక్కోవచ్చు, ఆందోళనగా మారొచ్చు, అసలు పైకి రాకుండానే ఆగిపోవచ్చు. కారణం తెలియని బెంగ ఇదేనేమో! హమ్మయ్య అనుకునేలోపే, 1926లో ఆయనే మాట మార్చి, ఆందోళన అంటే అణచిన ఉద్వేగం రూపం మారడం కాదు, మనసు ఇచ్చే ఒక ప్రమాద సంకేతం అన్నాడు.

థెరపిస్టుకు కలిగే ఉద్వేగం గురించి అడిగినవారికి: అది పేషెంటును అర్థం చేసుకునే పనిముట్టేనని సైకోఎనలిస్ట్ పౌలా హైమన్ 1950లో వాదించింది.

నా సెషన్లలో మాత్రం ఇంకా ఎవరి కథో చెబుతున్నట్టే చెబుతున్నాను.