కరెంటు పోయాక బూట్ అవ్వని ఉబుంటు: ఎఫ్ఎస్‌సీకే ముందా, కాపీ ముందా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, మధురవాడ. మొన్నటి గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఉండేసరికి నాన్నగారి సిస్టమ్ బూట్ అవ్వడం మానేసింది. ఉబుంటు లినక్స్, 1 టీబీ హార్డ్ డిస్క్, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. బూట్ మొదట్లోనే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే కమాండ్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయి, ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌లో తప్పులు వెతికి సరిచేసే కమాండ్) మీరే నడపండి అంటోంది.

ఎవరిని అడిగినా ‘మైనస్ వై పెట్టి కొట్టేయ్’ అంటున్నారు. ప్రతి ప్రశ్నకీ కళ్లు మూసుకుని ఊఁ కొట్టే ఆప్షన్ అది. షాపు జీఎస్టీ బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి, నాకు ధైర్యం చాలట్లేదు. అందుకని లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కి, పార్టిషన్ మౌంట్ చేయకుండా, ఎఫ్ఎస్‌సీకేని మైనస్ ఎన్‌తో, ఏమీ మార్చకుండా ఊరికే చదివించి చూశాను. ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాలుండే రికార్డు) తప్పులు, ఫ్రీ బ్లాకుల లెక్క తేడాలు వచ్చాయి. అవి కరెంటు పోతే మామూలే. టెన్షన్ పెట్టింది స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చేది): ‘కరెంట్ పెండింగ్ సెక్టార్’, అంటే సరిగ్గా చదవలేకపోతున్న సెక్టార్ల లెక్క, ఎదురుగా 24 ఉంది. డిస్క్ నుంచి టిక్కుటిక్కు శబ్దమైతే లేదు.

డీడీరెస్క్యూతో (పాడవుతున్న డిస్కు నుంచి చదవగలిగినంతా కాపీ చేసే టూల్) వేరే డిస్కులోకి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీసి, ఆ ఇమేజ్ మీదే ఎఫ్ఎస్‌సీకే నడపడం సరైన వరసేనా? ఎంతవరకు కాపీ అయిందో అది రాసుకునే మ్యాప్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పెడితే, మధ్యలో మళ్లీ కరెంటు పోయినా ఆగినచోటు నుంచే అందుకుంటుందా? రిపేరయ్యాక లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో పేర్లు పోయి, ఉత్త నంబర్లతో పడిన ఫైళ్లలోంచి పీడీఎఫ్‌లని మీరెలా ఏరుకున్నారు?

డాబాగార్డెన్స్‌లో ఒక రికవరీ షాపువాళ్లు చెప్పిన రేటుకి కొత్త సిస్టమే వచ్చేస్తుంది, కాబట్టి అది చివరాఖరి మాట. చేసి చూసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా అండీ?