అప్‌డేట్: హోర్డింగ్‌లో ఒత్తులు చెదిరిపోతున్నాయని అడిగాను కదా

తిరుపతిలో మా యాడ్ ఏజెన్సీ చేస్తున్న చీరల షాపు హోర్డింగ్ ఫైల్‌ని ప్రెస్‌లో తెరవగానే తెలుగు ఒత్తులు చెదిరిపోతున్నాయని పోయిన వారం అడిగాను. మీరు చెప్పినట్టే కోరల్‌డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్)లో అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని బొమ్మల్లా మార్చి పంపాం. ‘శ్రీకాళహస్తి కలంకారీ’లో ‘స్తి’ కింద ఒత్తు చక్కగా కూర్చుంది. కర్వ్స్ చేశాక అక్షరాలు టైప్ చేసి మార్చలేం కాబట్టి, మార్పులకి పనికొచ్చే మామూలు ఫైల్ విడిగా దాచుకోండి, అది చాలా ముఖ్యం.

రంగుల సలహా ఇంకా బాగా పనికొచ్చింది. స్క్రీన్ మీద మెరిసే రంగు ప్రింటింగ్‌లో వాడే సీఎంవైకే (సయాన్, మజెంటా, పసుపు, నలుపు) ఇంకుల్లో అలాగే రాదు. చిన్న ముక్క ప్రింట్ తీయించి ఎండలో పెట్టి చూస్తే నెమలి మెడ నీలం మరీ ముదురుగా పడింది, సరిచేశాం.

ఓనరు గారు బోర్డు నిండా ఆఫర్లు రాయమన్నారు. రేణిగుంట రోడ్డులో బండి మీద పోయేవాళ్లకి చదివే టైం ఎక్కడుంటుంది? నచ్చజెబితే పేరు, ఒక్క లైను చాలన్నారు. రేపు ఎక్కిస్తున్నారు. అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా.