మేయర్ ఎన్నికలో ఎమ్మెల్యేలకు, ఎంపీలకు ఓటు ఉండాలా?

మూసీ గట్టు వాసి:
2020 డిసెంబర్‌లో మనం హైదరాబాద్ నగరపాలక సంస్థలోని 150 డివిజన్లకు కార్పొరేటర్లను ఎన్నుకున్నాం. తీరా మేయర్‌ను ఎన్నుకునే రోజున కౌన్సిల్ మందిరంలో ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, లోక్‌సభ, రాజ్యసభ సభ్యులు ఎక్స్ అఫీషియో హోదాలో, అంటే తమ పదవి రీత్యా సభ్యులుగా కూర్చుని, కార్పొరేటర్లతో సమానంగా చేతులెత్తారు. మా డివిజన్ పేరు చెప్పి ఓటు అడగని వారికి మా మేయర్‌ను నిర్ణయించే హక్కు ఎక్కడిది?

సికింద్రాబాద్ న్యాయవాది:
హక్కు చట్టం ఇచ్చిందే. రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణం ప్రకారం, నగరం పూర్తిగా గానీ కొంత గానీ తమ నియోజకవర్గంలో ఉన్న ఎంపీలకు, ఎమ్మెల్యేలకు పాలకమండలిలో రాష్ట్రం చోటు కల్పించవచ్చు. ఓటు లేదని ఆ అధికరణం ప్రత్యేకంగా చెప్పింది పురపాలనలో అనుభవం ఉందని నియమించే సభ్యుల విషయంలోనే. పైగా 2020 ఫలితాల్లో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 స్థానాలు వచ్చాయి. 2021 ఫిబ్రవరి 11న జరిగిన మేయర్ ఎన్నికలో మజ్లిస్ మద్దతు కూడా టీఆర్‌ఎస్‌కే దక్కింది. ఎక్స్ అఫీషియో ఓట్లన్నీ తీసివేసి లెక్కించినా మేయర్ మారేవారు కారు.

రాంనగర్ రాము:
ఓట్లు వాళ్లకు రెండు చోట్ల, నల్లా నీళ్లు మనకు రెండు రోజులకొకసారి.

మూసీ గట్టు వాసి:
న్యాయవాది గారూ, ఆనాడు ఎవరు గెలిచారన్నది నా ప్రశ్న కానే కాదు. మా వీధి నాలా మీది పలక విరిగిపడితే కార్పొరేటర్ ఇంజనీరును కలవమన్నారు, ఇంజనీరు నిధులు రాలేదన్నారు, మంచినీటి పైపు కూడా పగిలిందంటే అది జలమండలి పని అన్నారు. ఎమ్మెల్యే కార్యాలయంలోనేమో అది కార్పొరేషన్ వ్యవహారమని తేల్చేశారు. మేయర్ ఎన్నికప్పుడు కార్పొరేషన్ సభ్యుడైన మనిషి, పలక విరిగినప్పుడు ఎందుకు కాకుండా పోయారు?

విశ్రాంత ఇంజనీరు:
మీరిద్దరూ ఓట్ల లెక్క దగ్గరే ఆగిపోయారు. 1955 నాటి కార్పొరేషన్ల చట్టం కార్యనిర్వహణాధికారాన్ని ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో పెట్టింది. కార్పొరేటర్లు తమలోంచి ఎన్నుకునే 15 మంది స్టాండింగ్ కమిటీ, దానిపైన సర్వసభ్య సమావేశం ఆమోదాలు తెలుపుతాయి. ఆ సమావేశంలో ప్రశ్నోత్తరాలు మొదలుకాకముందే మేయర్ పోడియం చుట్టూ ప్లకార్డులు లేస్తాయి, ఎజెండాలోని అంశాలు చివరి పావుగంటలో గంపగుత్తగా ఆమోదం పొందుతాయి. 1991 నుంచి 2002 వరకు హైదరాబాద్‌కు ఎన్నికైన పాలకమండలే లేదు. అయినా వీధులు ఊడ్చారు, దీపాలు వెలిగాయి.

నాచారం లక్ష్మి:
దీపాలు మీ వీధిలో వెలిగి ఉంటాయి లెండి.

సికింద్రాబాద్ న్యాయవాది:
243ఆర్ అధికరణంలో ఎక్కడ తప్పుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదని సభ్యులకు గుర్తు చేస్తున్నాను.

మూసీ గట్టు వాసి:
అధికరణం మీ దగ్గరే ఉంచుకోండి. ఇంజనీరు గారూ, ఇన్ని మాటలెందుకు, కార్పొరేటర్లే అక్కర్లేదని సూటిగా చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు:
చెబుతాను. ఉద్యోగంలో ఉండగా ఒక కార్పొరేటర్ అనుచరుడు నా బల్ల మీద, చేసిన పనిని కొలిచి నమోదు చేసే కొలతల పుస్తకం తెరిచి, వేయని సిమెంటు రోడ్డుకు సంతకం పెట్టమన్నాడు. పెట్టనందుకు నెల తిరగకుండా బదిలీ అయ్యాను. సంతకం అడిగినవాడు ప్రజాస్వామ్యం, పెట్టనివాడు నిరంకుశుడు అంటే నేను ఒప్పుకోను. ఆ మందిరంలో సగం స్థానాలు మహిళలకు కేటాయించారని మురిసిపోతాం, కానీ మా కార్యాలయానికి వచ్చి బిల్లుల సంగతి అడిగినవారిలో చాలామంది వారి భర్తలే.

నాచారం లక్ష్మి:
ఆ భర్తలకు కుర్చీ వేసి టీ తెప్పించింది ఎవరండీ? 'కార్పొరేటర్ వస్తేనే మాట్లాడతాను' అని మీ కార్యాలయంలో ఒక్కరైనా అన్నారా?

మూసీ గట్టు వాసి:
మీ బదిలీ అన్యాయమే, కాదనను. అయితే మీరు చెప్పిన, ఎన్నికైన పాలకమండలి లేని రోజుల్లో, ప్రత్యేకాధికారి హయాంలో ఆ కొలతల పుస్తకంలో ఏం రాశారో అడగడానికి మాకు మనిషే లేడు. కార్పొరేటర్ దొంగ అయితే అయిదేళ్లకైనా దించుతాం. కమిషనర్‌ను మేమెలా దించాలి? నాకు ఎమ్మెల్యేల ఓటు మీద కోపం కూడా అందుకే వచ్చింది. నిలదీయడానికి వీలున్న ఆ ఒక్క మనిషి బరువును కూడా తగ్గిస్తున్నారు.

సికింద్రాబాద్ న్యాయవాది:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన జరిగేది కాదు. మీరు అడుగుతున్నది జవాబుదారీ అయితే, ఎక్స్ అఫీషియో ఓటు తీసివేయడం వల్ల అది రాదు. 2002లో ఓటర్లు మేయర్‌ను నేరుగా ఎన్నుకున్నారు, కార్పొరేటర్లతోనూ ఎమ్మెల్యేలతోనూ పని లేకుండానే. అయినా ఆ మేయర్ కమిషనర్‌ను నియమించలేరు, బదిలీ చేయలేరు. మార్చవలసింది కమిషనర్ అధికారాల గురించిన సెక్షన్లను. వాటిని మార్చవలసింది శాసనసభ. అక్కడ కూర్చున్నది మీరు ఓటు వద్దంటున్న ఆ ఎమ్మెల్యేలే.

విశ్రాంత ఇంజనీరు:
మార్చరు. మార్చకపోతేనే మంచిదని నా అభిప్రాయం.

మూసీ గట్టు వాసి:
మీకూ నాకూ తగాదా అక్కడే ఉంది. అధికరణం గురించి కాదు.