కండరం మానింది, ఎలుక మాత్రం ఇంకా కాలు ఈడుస్తోంది

ప్రశ్న:
చిట్టెలుకల వెనక కాలిలో టిబియాలిస్ యాంటీరియర్ కండరానికి (మోకాలి కింద, ముందువైపు ఉండేది) పోగుల్ని చంపే బేరియం క్లోరైడ్ ఇంజెక్షన్‌తో గాయం చేసి, త్వరగా మానుతుందేమో చూద్దామని తాగే నీళ్లలో లూసిన్ అనే అమైనో ఆమ్లం కలిపి ఇస్తున్నాను. 14వ రోజు మైక్రోస్కోప్ కింద చూస్తే కొత్త పోగులు నిండుగా ఉన్నాయి. ఒక్కో పోగు నడిమధ్యలో చుక్క పెట్టినట్టు కేంద్రకం. కానీ పాదాలకు సిరా పూసి కాగితం మీద నడిపిస్తే, గాయమైన కాలి వేళ్ల దగ్గర సన్నటి గీత పడుతోంది. పట్టు బలాన్ని కొలిచే గ్రిప్ పరీక్షలో లూసిన్ తాగినవాటికీ తాగనివాటికీ తేడా లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
గ్రిప్ ముందు కాళ్లతో తీశారా? గాయం వెనక కాలికి కదండీ, తేడా ఎలా తెలుస్తుంది? ఆ కండరం పని పాదాన్ని పైకెత్తడం. నరానికి కరెంటు ఇచ్చి ఆ బలాన్నే నేరుగా కొలవండి. మధ్యలో కేంద్రకం ఉంటే పోగు కొత్తదని అర్థం, బలం వచ్చిందని కాదు. ఎలుకల్లో ఆ గుర్తు నెలల తరబడి పోదు. 28వ రోజు కూడా చూడండి.

జవాబు 2:
నీళ్లు ఎంత తాగాయో తూచారా? లూసిన్ చేదు. నా ఎలుకలు మొదటి వారం సీసా ముట్టనే లేదు, పాపం బరువు కూడా తగ్గాయి. పోలికకు ఉత్త నీళ్లు కాకుండా, నైట్రోజన్ సమానమయ్యేలా అలనిన్ అనే మరో అమైనో ఆమ్లం కలిపి పెట్టండి. మేతలో ప్రొటీన్ సరిపడా ఉంటే లూసిన్ వల్ల పెద్ద తేడా రాకపోవచ్చు కూడా.

ప్రశ్న అడిగినవారు:
ముందు కాళ్లతోనే తీశానండి. సీసాలు తూచలేదు. రేపటి నుంచి రోజూ తూస్తాను.